నా గొంతు తెలియని నెల్లూరు

మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అరవయ్యో దశకం మొదట్లో, బిట్రగుంటకు సముద్రం వైపున్న ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ఇన్‌చార్జిగా వెళ్లాను. తాళాలు, బ్యాటరీలు, నా నియామకపు ఉత్తర్వు అన్నీ క్రమప్రకారం స్వీకరించాను. నా అధికారం ఎంతవరకు చెల్లుతుందో ఆ వారంలోనే తెలిసివచ్చింది.

ఎండుచేపల వ్యాపారి ఒకాయన తండ్రి పోయాక, ఫోను తండ్రి పేరు నుంచి ఈయన పేరుకు మారేదాకా దానికి ట్రంకు కాల్స్ ఆపివేశారు. అంటే పై ఊళ్ల నుంచి పిలుపు రాదు. పేరు మార్పు మంజూరైంది. నంబరు తెరవమని, ట్రంకులు కలిపే నెల్లూరుకు నేను చెప్పాలి. ఆయన భార్య మద్రాసు ఆసుపత్రిలో ఉంది. సాయంత్రంలోగా డాక్టరు ఫోన్ చేస్తారు. భర్త సరేనంటే గాని ఆపరేషన్ చేయరు.

"నేను ఇన్‌చార్జిని. ఆ నంబరు తెరవండి," అన్నాను.

"ఇన్‌చార్జి గారి గొంతు నాకు తెలుసే. మీరెవురు?" అంది నెల్లూరు ఆపరేటరు.

"ఉత్తర్వు నా చేతిలో ఉందమ్మా. నేను బి.ఏ. చదివినవాణ్ణి, అబద్ధమాడను."

"బి.ఏ. అయితే గొంతు మీద ముద్రేసి పంపిస్తారా సార్? పోయినేడు ఎవురో ఇన్‌చార్జినని చెప్పి నంబరు తెరిపిచ్చుకున్నాడు. తిట్లు తిన్నది నేను."

లైనులో గరగర వల్ల నమ్మడం లేదేమోనని తీగ మార్చి చూశాను. మా ఆపరేటరు చేత చెప్పించాను. డాక్టరు పిలుపును నా బోర్డుకైనా పంపమన్నాను. దేనికీ ఒప్పుకోలేదు. చివరికి ఏం చేస్తే ఒప్పుకుంటారని అడిగాను.

"పాతాయన లైన్లోకొచ్చి కొత్తాయన్ని పరిచయం చెయ్యాల. మీకు చెప్పలా?"

చెప్పలేదు. ఆయన జ్వరంతో బస్సెక్కి స్వగ్రామమైన బుచ్చిరెడ్డిపాలెం వెళ్లిపోయారు. అక్కడి బియ్యం మిల్లుకు ఫోన్ చేసి, ఆయనను పిలిపించమని బతిమాలాను. జ్వరం తగ్గి పొలానికి వెళ్లారట, మనిషిని పంపుతామన్నారు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. వ్యాపారి పిలిచినప్పుడల్లా బోర్డు మీద ఆయన నంబరు రేకు పడుతోంది.

"తెరిచినారా సార్?"

"ప్రయత్నిస్తున్నానండీ."

"ఈ లోపల డాక్టరు పిలిచేసుంటే?"

కిటికీ దాకా నడిచి, మళ్లీ బోర్డు దగ్గరకే వచ్చాను.

ఎట్టకేలకు మిల్లు నుంచి పాతాయన ఆయాసపడుతున్న గొంతు వినిపించింది. నెల్లూరు ఆపరేటరును కూడా లైనులో ఉండమన్నాను.

"ఏమ్మా, బాగుండావా? ఆ దగ్గు ఇంకా పోలా?"

"పోలా సార్. ఈయనెవురు?"

"మనోడే. నాయనా, మాట్లాడు. ఆమె వినాల."

నేను వ్యాపారి నంబరును స్పష్టంగా ఉచ్చరించాను. మళ్లీ ఉచ్చరించాను.

"కోర్టులో సాక్షి మాదిరి అట్టా గాదయ్యా. మనిషితో మాట్లాడినట్టు మాట్లాడు."

"అమ్మా, ఆ వ్యాపారి తన భార్య ఎలా ఉందో తెలియక అల్లాడిపోతున్నాడు. నాకూ కాలు నిలవడం లేదు. తెరవండి."

"ఇంక మరిచిపోను లెండి. తెరిచినా."

కాసేపటికి మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. కలిపి, వినరాదన్న నియమం ప్రకారం మీట వదిలేశాను. వాళ్ల మాటలు చాలాసేపు సాగాయి. తరువాత వ్యాపారి రేకు పడింది.

"బిట్రగుంట స్టేషన్ ఇయ్యండి సార్. మద్రాసు బండి ఎప్పుడో అడగాల."

ఆపరేషన్‌కు సరేనన్నారా అని అడగబోయి ఆగాను. స్టేషన్ కలిపాను.