బంతిలో నా పక్కన కూర్చున్న ఆమె

దయ్యం పేరు చెప్పి నిమ్మకాయలు, తాయెత్తులు అమ్ముకునేవాళ్లను చాలామందిని చూశాను. దయ్యాన్ని మాత్రం ఏనాడూ చూడలేదు. ఎవరైనా అలాంటి మాట ఎత్తితే ముందు వాళ్లకు నాతో ఏం పని పడిందా అని ఆలోచించే మనిషిని నేను. ఇది చదివి నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఏడో తరగతి వరకే చదివాను. నిజామాబాద్‌లో బీడీలు చుట్టేవాళ్లు ఎక్కువగా ఉండే గల్లీలో అంగన్‌వాడీ టీచర్‌ను. మనుమలు, మనుమరాళ్లు పెద్దవాళ్లయ్యారు. ఇప్పటికీ చిన్నపిల్లలకు పాటలు, అంకెలు నేర్పుతున్నాను. కఠినమైన మనిషినని పేరు. ఆ పేరు నాకు ఇష్టమే.

మా తమ్ముడి కొడుకు పెళ్లి కోటగిరిలో. శనివారం మధ్యాహ్నం పిల్లలను ఇళ్లకు పంపి, బోధన్ బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి పోయాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి పోయాను, లేకుంటే ఒక్కరోజు కోసం అంత దూరం పోయేదాన్ని కాదు. సోమవారం పొద్దున పిల్లల ముందు ఉండాలి.

ఆదివారం పెళ్లి అయ్యాక టెంట్ కింద బంతి వేశారు. నా పక్క విస్తరి ముందు ఒకామె వచ్చి కూర్చుంది. నా వయసే ఉంటుంది. ఆకుపచ్చ చీర, చెవికి చిన్న దుద్దులు. వంకాయ కూర రెండోసారి వేయించుకుంది. విస్తరిలో ఒక్క మెతుకు వదలలేదు. అన్నం పారేయని మనిషి కనుక నాకు మొదట నచ్చింది.

"పిల్ల తరఫా, పిలగాని తరఫా?" అని అడిగాను.

"అందరు మనోళ్లే గదక్కా," అంది. కాసేపటికి, "సహస్ర మంచిగున్నదా?" అని అడిగింది.

సహస్ర మా కేంద్రానికి వచ్చే నాలుగేళ్ల పిల్ల. ముద్ద విస్తరిలో పెట్టేసి ఆమె వైపు తిరిగాను.

"నీకెట్ల ఎరుక?"

"పండుకునేటప్పుడు నీ కొంగు పట్టుకుంటది గద. సోమారం మాత్రం కొంగు ఇడిపిచ్చుకోకక్కా."

ఆ మాటకు నాకు ఎందుకు భయమేసిందో చెప్పాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పిల్లలను పడుకోబెడతాం. సహస్ర నా కొంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోదు. అది నిద్రపోయాక నెమ్మదిగా విడిపించుకుని ముందు గదిలోకి వస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే మిగతా పిల్లలూ నెత్తికెక్కుతారు. ఆ సమయానికి ఆయా బోరింగ్ దగ్గర గిన్నెలు తోముతుంటుంది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీకి కోతులు దూరకుండా రేకు కొట్టించాను.

పిల్లలను ఎత్తుకుపోయే మనిషేమో అనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి నిలదీద్దామని లేచాను. వచ్చేసరికి ఆమె లేదు. మా మరదలిని అడిగితే పిల్ల తరఫు అనుకుందట. పిల్ల తల్లిని అడిగితే మావాళ్లలో మనిషి అనుకుందట.

"ఉత్తగ తిని పోదామని వచ్చినదేమో వదినా," అని మా మరదలు నవ్వింది. "పోయిందేమన్న ఉన్నదా? నీ సంచి చూసుకో."

సంచి చూసుకున్నాను. ఏమీ పోలేదు.

సోమవారం పొద్దున్నే ఆయా సుజాతను పట్టుకున్నాను. "నా ముచ్చట్లు ఊర్లె చెప్పుకుంట తిరుగుతున్నవా?"

"ఏం ముచ్చట టీచరమ్మా?"

"సహస్ర నా కొంగు పట్టుకుని పండుకుంటదని."

సుజాత నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు పోరగాండ్లను గంత దగ్గరికి రానిస్తవంటె ఎవ్వలు నమ్ముతరు? నేను చెప్పినా నన్నే పిచ్చిదంటరు."

అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు. ఆ రోజంతా వాకిలి మీదే కన్నేశాను. కొత్త మనిషి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం సహస్ర రోజూ లాగే కొంగు పట్టుకుని పడుకుంది. జ్వరమేమీ లేదు, ఒళ్లు చల్లగానే ఉంది. ఆకుపచ్చ చీర ఆమె ఏ సందులోంచైనా వస్తుందన్న అనుమానంతో నేను లేవలేదు. వాకిలి వైపు తిరిగి, పిల్లలకు వీపు పెట్టి కూర్చున్నాను.

ఉన్నట్టుండి కొంగు గుంజినట్టయింది. లేచిందేమో అనుకుని, పండుకో అని గదమాయించాను. మళ్లీ గుంజింది, ఆగకుండా. తిరిగి చూస్తే పిల్ల బోర్లా పడి కొట్టుకుంటోంది. మూతి దుప్పట్లో కూరుకుపోయింది, పెదవులు నల్లబడ్డాయి. ఒక్క చప్పుడు లేదు. పక్క పిల్లలు కూడా లేవలేదు. పక్కకు తిప్పి నోట్లోంచి వచ్చింది తుడిచి, సుజాతను కేకేసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఫిట్స్ అన్నారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇంకాసేపు ఎవరూ చూడకపోతే ఊపిరి ఆగిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ సమయానికి రోజూ నేను ముందు గదిలో ఉంటాను.

పిల్ల బతికింది. మందులు వాడుతున్నారు, మళ్లీ పాటలు పాడుతోంది. దాని తల్లి బీడీలు చుట్టుకునే మనిషి, కోటగిరి ఎన్నడూ చూడలేదు. నేను చెప్పింది విని, "గామె మనిషి కాదు టీచరమ్మా, పోచమ్మ తల్లే," అని కొబ్బరికాయ కొట్టి వచ్చింది. అమ్మవారు వంకాయ కూర మళ్లీ అడిగి వేయించుకుంటుందా అని నా అనుమానం. తమ్ముడు వంటవాళ్లను, టెంట్ వాళ్లను కూడా అడిగాడు. వడ్డించిన పిల్లవాడికి ఆమె బాగా గుర్తుంది. ఎవరో మాత్రం తెలియదు.

కొంగు సంగతి ఎవరో ఎలాగో చూశారనే అనుకుందాం. సోమవారం సంగతి ముందే ఎవరు చూశారు? అందరూ ఆమె మేలు చేసిందంటారు. చేసింది, కాదనను. కానీ మేలు చేసే మనిషి పేరు చెప్పకుండా ఎందుకు పోతుంది?

మొన్న వర్ని నుంచి ఇంకో పెళ్లి కార్డు వచ్చింది. పోతే, బంతిలో ఆమె మళ్లీ నా పక్కన కూర్చుని ఈసారి ఏ పిల్ల పేరు ఎత్తుతుందో అని భయం. పోకపోతే, ఆమె వచ్చి నా కోసం చూసి వెళ్లిపోతుందేమో అని భయం. కార్డు వచ్చినప్పటి నుంచి పడుకున్న పిల్లలను ఒక్కొక్కరినే చూస్తూ ఆ గదిలోనే కూర్చుంటున్నాను.