కళ్లు తెరిపించే ఒడిలియా

క్రాతు ఊళ్లో ఒడిలియా అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, కళ్లు తెరిపించే ఆమె అంటే నలభై దాటిన వాళ్లందరికీ తెలుసు. అబ్దియాస్ గారి స్టూడియోలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. అక్కడి పని ఏమిటంటే, ఊరూరా తిరిగే మనిషొకడు ఇళ్లలోంచి పాత ఫోటోలు పోగుచేసి తెస్తాడు. వేలెడంత ఫోటోని మూరెడు చేసి, దాని మీద రంగులు వేసి, ఫ్రేము కట్టి పంపాలి. జన్మలో టై మొహం చూడని రైతుకి టై కట్టాలి. కాళ్లకి చెప్పుల్లేని ఇల్లాలికి ముత్యాల దండ వేయాలి. మొగుడు పోయిన పదేళ్లకి పెళ్లాం వచ్చి, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టమంటే నిలబెట్టాలి. ఈ పనులు చేసేవాళ్లు నలుగురుండేవారు. శవపేటికలో పడుకోబెట్టి తీసిన ఫోటో వస్తే మాత్రం తిన్నగా ఒడిలియా బల్ల మీదికే వచ్చేది.

అలాంటివే ఎక్కువ వచ్చేవి కూడా. ఆ కరువు నేలలో బిడ్డ బతికుండగా ఫోటో తీయించే స్తోమత ఎవరికుంది? పోయాక, అయ్యో ఒక్క గుర్తయినా లేదే అని ఫోటో మనిషి కోసం పరుగులు తీసేవాళ్లు. ఒడిలియా ఆ మూసిన రెప్పల మీద కళ్లు వేసేది. తెల్లటి పేటికని చెరిపేసి వెనక నీలం రంగు పూసేది. తల్లులు వచ్చి చూసి, బొమ్మని గుండెకి హత్తుకుని పోయేవాళ్లు.

ఇంత పనిమంతురాలు తన కూతురికి ఒక్క ఫోటో తీయించలేదు. చెబితే ఎవరూ నమ్మరు. పక్క గదిలోనే కెమెరా ఉంది, తీసేవాడూ ఉన్నాడు. జుసారాకి పాలపళ్లు ఊడాయి, కొత్తవి వచ్చాక తీయిద్దాం అనుకుంది. జుట్టు కొంచెం పెరగనీ అనుకుంది. పండక్కి కొత్త గౌను కుట్టాక తీయిద్దాంలే అనుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఎనభై ఎనిమిదిలో నాలుగు రోజుల జ్వరంలో పిల్ల చేతుల్లోంచి జారిపోయింది. ఆరేళ్లు నిండాయంతే. అందరిలాగే పేటికలో తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది.

దాన్ని పెద్దది చేసి తెచ్చి అబ్దియాస్ గారే బల్ల మీద పెట్టారు. "నీ వల్ల కాకపోతే చెప్పు, నేను వేస్తాను," అన్నారు. ఒడిలియా కుంచె పట్టుకుని రెండు గంటలు కూర్చుంది గానీ చెయ్యి కదల్లేదు. ఆయన్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ ఫోటో కళ్లు మూసుకునే ఇంటికి వచ్చి, గోడకెక్కి, వెనక నుంచి చెదలు పట్టి, ఒక వర్షాకాలంలో మట్టిలా రాలిపోయింది. లేసు అంచూ, కాస్త జుట్టూ కనిపించే ముక్కలు మిగిలితే ఏరి ఒక కవర్లో దాచుకుంది.

ఇంకొక సంగతుంది, అది ఒడిలియా ఎవరికీ చెప్పలేదు. కూతురు పోయిన తొమ్మిదో నాటి ప్రార్థన అయ్యాక పనిలోకి వెళ్లింది. బల్ల మీద మొదటగా ఉన్నది ఏడెనిమిదేళ్ల మగపిల్లాడి ఫోటో. వాడికి కళ్లు వేస్తూ ఉంటే, ఒక దగ్గరకొచ్చేసరికి బల్ల మీద నుంచి జుసారా చూస్తోంది. పిల్లకి ఎడమ కన్ను కాస్త చిన్నది, నిద్ర తీరనట్టుండేది. అదీ అలాగే వచ్చింది. చెరపాలి. చెరపలేదు. ఆ ఏడాదంతా వచ్చిన చచ్చిపోయిన పిల్లలందరికీ ఆడా మగా అనకుండా ఆ కళ్లే పెట్టింది. చివరికి అబ్దియాస్ గారు ఆరిన బొమ్మల్ని వరసగా పెట్టి చూసి, "ఏం ఒడిలియా, వీళ్లందర్నీ ఒక్క తల్లే కన్నదా?" అన్నారు. ఆ మాటతో మానేసింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, స్టూడియో మూతపడింది, అబ్దియాస్ గారూ పోయారు. ఒడిలియాకి అరవై రెండేళ్లు వచ్చాయి. ఒకరోజు పొద్దున కాఫీ వడకడుతూ కూతురి మొహం తలుచుకుందామంటే ఎంతకీ గుర్తుకు రాలేదు. గౌను గుర్తుంది, మోకాలి మీద దెబ్బ గుర్తుంది. మొహం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. కన్నతల్లికి ఇంతకంటే నరకం ఏం కావాలి? ఆ రోజంతా పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది.

పాత రైల్వే స్టేషన్ భవనంలో ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ పెడుతున్నారని విని ఆమె వెళ్లింది అందుకే. ఈ రోజుల్లో పాడైన ఫోటోని కంప్యూటర్‌లో బాగుచేస్తారని ఎవరో అన్నారు. రెసీఫె పట్నం నుంచి వచ్చిన మయారా అనే పిల్ల పాఠం చెబుతోంది. ఒడిలియా తన కవరు విప్పి బల్ల మీద పెట్టింది.

మయారా ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒడిలియమ్మా, ఇందులో మొహమే లేదు. మిషన్ వేస్తే ఏదో ఒక మొహం వేస్తుంది. అది మీ పాపది కాదు."

"ఎవరిదో మొహం పెట్టడానికి మిషనెందుకు, నేను చాలనా," అని ఒడిలియా కవరు మూసేసింది. అప్పుడే లేచి వచ్చేసేది. పేరు రాయించుకున్నందుకు ఒక కెమెరా చేతికిచ్చారు కాబట్టి కూర్చుంది.

ఆ శనివారం అందరూ గాడిదల్నీ సూర్యాస్తమయాల్నీ ఫోటోలు తీసి తెచ్చారు. మయారా ఒక్కొక్కటీ చూసి పెదవి విరిచి, "ఉన్నదాన్ని ఉన్నట్టు తియ్యండి," అంది.

"ఉన్నదాన్ని ఉన్నట్టు చూడ్డానికి ఫోటో ఎందుకమ్మా, గుమ్మంలో నిలబడితే సరిపోదూ?" అంది ఒడిలియా. అందరూ నవ్వారు.

మయారా నవ్వలేదు. "మరి మీరేం తీస్తారు? ఖాళీ కెమెరా తెచ్చారు. సరే, ఎక్కడో వెతక్కండి. మీ చేత్తో చేసిన పని ఇప్పుడు ఎక్కడుందో అక్కడికి వెళ్లండి. వచ్చే శనివారానికి అదే తీసుకురండి."

తన చేత్తో చేసిన పని ఎక్కడుంటుంది? ఇళ్లలో గోడల మీద ఉంటుంది. ఆ ఏడాది వేసిన జుసారా కళ్లూ అక్కడే ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంత తేలిక సంగతి బుర్రకి తట్టలేదే అని, ఇంటిదాకా తనని తాను తిట్టుకుంటూనే నడిచింది.

మర్నాటి నుంచీ కాలు నిలవలేదు. పొద్దున్నే మొక్కజొన్న కుస్కుస్ ముద్దొకటి మింగి వ్యాను ఎక్కేది. గుర్తున్న ఊళ్లకల్లా వెళ్లింది. ఒక ఇంట్లో బొమ్మని చెదలు తినేశాయి. ఒక ఇంట్లో మతం మారి దించేశారు. ఒకచోట మనవరాలు దాన్ని అమ్మేసి, మీ దగ్గర ఇంకా ఉంటే చెప్పండి, కొనేవాళ్లున్నారు అంది. నాలుగు దొరికాయి. ప్రతి బొమ్మ వెనకా ఒడిలియా పెన్సిల్‌తో నెల వేసేది, ఆ అలవాటు పనికొచ్చింది. కానీ ఆ నాలుగూ ఆ ఏడాది చివర్లో వేసినవి. అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయి రెండు కళ్లనీ సమానం చేసేసింది. అందంగానే ఉన్నాయి, జుసారా మాత్రం లేదు.

మొదటి బొమ్మ ఎవరిదో కనుక్కోవడానికి బుధవారమైంది. పీఠభూమి అడుగున, నీడకి ఒక్క చెట్టయినా లేని ఒక పల్లెలో కితేరియా అనే ఆమె ఇల్లు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఒక్కతే ఉంటోంది. ఒడిలియా గుమ్మంలోంచే చూసింది. ముందు గది గోడ మీద, నీలం సూటులో పిల్లాడు. వాడి మొహంలోంచి నిద్ర తీరని ఎడమ కన్నుతో జుసారా. మొహమంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది, ముక్కూ గడ్డమూ ఊడిన పాలపళ్లూ అన్నీ. తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"లోపలికి రా, ఎవరివి?" అంది కితేరియా.

"ఆ బొమ్మ వేసింది నేనే అక్కా. అబ్దియాస్ గారి స్టూడియోలో."

"నువ్వేనా?" కితేరియా ఆమెని కిందికీ పైకీ చూసింది. "కూర్చో అయితే. నిన్నొక మాట అడగాలని ముప్పై ఏళ్లుగా నోట్లో పెట్టుకుని ఉన్నాను. మా ఎరాల్దోకి ఆ కన్నెందుకు చిన్నది చేశావు? వాడికి రెండూ లక్షణంగా ఉండేవి."

కుంచె జారిందని చెప్పొచ్చు. అంత వయసు మనిషి నమ్మేసి కాఫీ ఇచ్చి పంపేది. ఒడిలియాకి ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూతురు చూస్తోంది కదా, నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పేసింది.

కితేరియా అంతా వింది. విన్నాక లేచి గోడ దగ్గరికి వెళ్లి, ఆ బొమ్మని ఎవరో కొత్తవాళ్లని చూసినట్టు చూసింది.

"ప్రతి నవంబరు రెండో తేదీనా, పోయినవాళ్లని తలుచుకునే రోజున, దీని ముందే కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. స్మశానం దూరమని ఇక్కడే," అంది. "అన్నీ నీ కూతురికే వెళ్లాయన్నమాట. మావాడికి ఒక్కటీ అందలేదు."

"క్షమించండక్కా."

"నీ క్షమాపణ ఎవడికి కావాలి? వాడెలా చూసేవాడో నాకిప్పుడు తెలీదు. వాణ్ని తలుచుకుంటే ఈ కళ్లే వస్తాయి. నా బిడ్డ చూపు నువ్వు తుడిచేశావు."

ఒడిలియాకి తల కొట్టేసినట్టయింది. తన పిల్ల మొహం మరిచిపోయానని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చిన మనిషి, ఇంకో తల్లికి అదే గతి పట్టించింది. ఒకరికా, ఆ ఏడాది వేసినవి ఎన్నో. అయినా ఆశ చూడండి, చెయ్యి సంచిలోకి పోయింది. "అక్కా, ఒక్క ఫోటో తీసుకోనా? నా దగ్గర దానిదేమీ లేదు."

"వీల్లేదు." కితేరియా గొంతు పెంచలేదు. "వాడి ఫోటో మీవాడొకడు పట్టుకుపోయాడు, మళ్లీ తెస్తానన్నాడు, తేలేదు. ఇంక నా గోడ మీద నుంచి ఎవరూ ఏమీ పట్టుకుపోరు. నీ రంగులు తెచ్చుకుని ఆదివారం రా. వాడికి నా కళ్లే వచ్చాయని ఊరంతా అనేవాళ్లు. నన్ను చూసి వెయ్యి. వాడి కళ్లు వాడికి పెట్టి వెళ్లు."

శనివారం వర్క్‌షాప్ ఆఖరి రోజు. గాడిదలు కాస్త మెరుగుపడ్డాయి. మయారా ఒడిలియా దగ్గరికొచ్చి, "ఏమీ తేలేదా అమ్మా?" అంది.

"ఉన్నచోటు తెలిసింది."

"మరి తియ్యలేదేం?"

"రేపు వెళ్లాలి," అంది ఒడిలియా. మయారా ఆమె మొహం చూసి, కెమెరా సోమవారం ఇవ్వండి, పర్వాలేదు అంది.

ఆ రాత్రి వెళ్లడం మానేద్దామా అని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అడ్రసు కూడా ఇచ్చి రాలేదు, ముసలామె ఏం చేయగలదు? ఆ బొమ్మ అక్కడే ఉంటుంది, అప్పుడప్పుడూ వెళ్లి రోడ్డు మీద నుంచి చూడొచ్చు. తెల్లారాక ఎండిపోయిన రంగు గొట్టాల్లో బాగున్నవి ఏరుకుని, కుంచెలు కడుక్కుని, వ్యాను ఎక్కింది.

కితేరియా స్నానం చేసి, ఉతికిన గౌను వేసుకుని సిద్ధంగా ఉంది. బొమ్మని దించి, అద్దం తీసి, బల్ల మీద పెట్టింది. ఆమె కుడి కంటికి పొర కమ్మింది గానీ ఎడమది ఇంకా తేటగానే ఉంది, తేనె రంగు. ఒడిలియా రంగులు కలుపుతూ కూర్చుంది. అవసరానికి మించి కలిపింది. కితేరియా కాసేపు చూసి లేచింది.

"నీ పిల్లతో మాట్లాడుకో. నేను పెరట్లో కోళ్లకి గింజలు వేసొస్తాను," అంది. గుమ్మం దగ్గర ఆగి, "ముప్పై ఏళ్లు మా ఇంట్లోనే ఉంది. పేరేంటి?" అని అడిగింది.

"జుసారా."

కితేరియా తలాడించి వెళ్లిపోయింది. పెరటి తలుపు మూసుకున్న చప్పుడైంది. గదిలో ఎవరూ లేరు. కెమెరా సంచిలో ఉంది, సంచి ఒళ్లో ఉంది. ఒక్క నిమిషం పని, ముసలామెకి ఎప్పటికీ తెలీదు. ఒడిలియా సంచి తీసి నేల మీద పెట్టి, కాలితో బల్ల కిందికి తోసేసింది. ఆ తర్వాత కూతురి వైపు చూసింది. ఈసారి మరిచిపోకూడదని, కొలిచినట్టు, రెప్ప దగ్గర మొదలుపెట్టి మెల్లగా చూసింది. ఫోటో తీయిద్దాంలే అనుకున్నానే తల్లీ అని ఒక్కసారి అంది.

బయట కోళ్ల గోల సద్దుమణిగింది. కుంచె తడి చేసుకుని ఒడిలియా పెరటి వైపు తిరిగి పిలిచింది.

"రండక్కా. కిటికీ వైపు తిరిగి కూర్చోండి."