నర్సింలన్నకు గుమ్మడికాయ కూర

నా చిన్నప్పుడు, పాలమూరు నుంచి వలస వచ్చి మేముండే కామాటిపురాలో, వరుసగదుల మా చాలీలో ఒక పేరును ఎవరూ పలికేవాళ్లు కాదు. అది మా ఎదురుగది పెద్దమ్మ కొడుకు నర్సింలన్నది. మా వాళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. చదువు మధ్యలోనే పటాలంలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయాడట. శవం కూడా ఇంటికి రాలేదు. అప్పటికి నేనింకా పుట్టలేదు. పెద్దమ్మ బాధపడుతుందని అందరూ ఆ పేరు మింగేసేవాళ్లు. ఆమె కూడా ఏళ్ల తరబడి అన్న మాటెత్తకుండా లోలోపలే కుమిలి చిక్కి శల్యమైంది.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ల పేర్లు తలచి, వాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టడం మా పాలమూరు వాళ్ల ఆచారం. పెద్దమ్మ మాత్రం ఆ రోజంతా తలుపు మూసుకునేది. విస్తరి వేస్తే కొడుకు లేడని ఒప్పుకున్నట్టేనని ఆమె భయం.

నాకు ఊహ తెలిశాక ఒక ఏడు పెత్రమాసకు మా నానమ్మ మా ఇంటి పెద్దల విస్తళ్ల పక్కన ఇంకొకటి వేసింది. గదుల మధ్య గ్యాలరీలోకి వినబడేలా అంది: "ఇది మా నర్సింలుకు. వానికి గుమ్మడికాయ కూరంటే పానం!"

గట్టిగా అనొద్దని మా అమ్మ ఆమె చెయ్యి పట్టి లాగింది. ఎదురు తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎవలు చెప్పిన్రత్తా నీకు? గుమ్మడికాయ జూస్తెనే మొకం తిప్పుకుంటుండె వాడు! నా కొడుక్కు పుంటికూర, జొన్నరొట్టె గావాలె!" అని అరిచింది పెద్దమ్మ.

"అయ్యో, నాకేం యాదుంటది బిడ్డా! నువ్వే జర వండిపెట్టు," అంది నానమ్మ, ఏమీ ఎరగనట్టు.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుంది. ఆ తర్వాత వచ్చి మా పొయ్యి ముందు కూర్చుంది. గోంగూరను మేం పుంటికూర అంటాం; అమ్మ నాగ్‌పాడా బజారు నుంచి అది తెచ్చేలోపే మాటలు మొదలయ్యాయి. అన్న కాలేజీకి మొదటి రోజు తండ్రి చొక్కా వేసుకుని వెళ్లడం, ఇంగ్లీషు పాఠం పైకి చదువుతుంటే తనను తిడుతున్నాడేమోనని ఆమె చీపురు తిరగేయడం... చెబుతూ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. పక్క గదులవాళ్లూ వచ్చి తమకు తెలిసినవి చెప్పారు. చివరికి రొట్టె, కూర విస్తట్లో తనే పెట్టి, "నర్సింలూ, తిను బిడ్డా," అంది. అమ్మయ్య! చాలీ మొత్తం ఊపిరి పీల్చుకుంది.

నీకు నిజంగా గుర్తులేదా అని తర్వాత నానమ్మను అడిగాను. "మనింట్ల పుంటికూర గిన్నె నాకి పోయేటోడు. ఎట్ల మరుస్తనే, పిచ్చిపోరీ!" అంది.

ఇప్పుడు నాకూ ఆమె వయసు వస్తోంది. చావు జరిగిన ఇంటికి వెళ్తే, పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఎండల గురించో, రైళ్ల గురించో మాట్లాడతారు. నేను మాత్రం పోయినవాళ్లను పేరుపెట్టి తలచుకుని, వాళ్లకు ఏ కూర ఇష్టమో ఆ ఇంటివాళ్లను అడుగుతాను. ఏడుస్తారు, అయినా చెబుతారు. ఇక వెళ్లొస్తానని లేస్తే, ఇంకాసేపు కూర్చోమని చెయ్యి పట్టుకుంటారు.