ట్రెబుల్ నాబ్ మీద నా చెయ్యి

ఏ ఊరు వెళ్ళినా, ఎవరి సౌండ్ బాక్సులైనా, ముందు మైకు పట్టుకుని నేను కిరాణా జాబితా చదివేదాన్ని. సేమ్యా, శనగపప్పు, సగ్గుబియ్యం, చింతపండు, పెసలు. అందరూ హలో హలో అంటారు. హలోలో ఏముంటుంది నా మొహం? సేమ్యాలో స, చింతపండులో చ చెవికి గుచ్చుకుంటున్నాయా, మెత్తగా వస్తున్నాయా అన్నదాన్ని బట్టి ఆ బాక్సుల గుణం తెలిసిపోతుంది. ఊళ్ళోని సౌండ్ కంపెనీ వాళ్ళు నన్ను చూసి పాటగత్తెననుకునేవారు. కాదంటే అనౌన్సరనుకునేవారు. నా పప్పుల జాబితా విని నవ్వుకునేవారు. నవ్వనిచ్చేదాన్ని. పది నిమిషాల తర్వాత వాళ్ళ మిక్సర్ ముందు కుర్చీలో నేను ఉండేదాన్ని, వాళ్ళు నిలబడి ఉండేవారు.

రాయపూర్‌లో ఒక రాక్ బ్యాండుకి సౌండ్ ఇంజనీరుని నేను. స్టేజీ మీద నలుగురు. నేను ఐదోదాన్ని, జనం మధ్యలో స్టేజీకి ఎదురుగా కూర్చుని ఎవరి శబ్దం ఎంత వినిపించాలో చూస్తాను. గిటారు వాయించేది మా బ్యాండు పెద్ద, సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. డ్రమ్స్, బేస్ గిటారు వాయించేవాళ్ళు అన్నదమ్ములు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పాడేది ఒక అమ్మాయి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బ్యాండులో నాతో తెలుగు మాట్లాడేది తనొక్కతే, అదీ సగం హిందీ కలిపి. మా ప్రాక్టీసు భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్లో. చుట్టూ లారీల రొద కాబట్టి మమ్మల్ని తిట్టేవాళ్ళు ఉండేవారు కాదు.

ఈ పని నాకు చర్చిలో అంటుకుంది. అమ్మ కాకినాడ దగ్గర్నుంచి నర్సుగా వచ్చింది. ఆదివారం మా తెలుగు చర్చిలో పాటల వరసలో ముందు నిలబడేది. మా పాస్టరుగారికి మైకులో ఎకో లేకపోతే ప్రసంగం చేసినట్టే ఉండేది కాదు. ఒక్కొక్క మాట మూడుసార్లు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చేది. వెనక బెంచీల్లో ముసలమ్మలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఆమెన్ అనేవారు. పదహారేళ్ళప్పుడు ఒక ఆదివారం నేను వెళ్ళి ఎకో నాబ్ సున్నాకి తిప్పేశాను. పాస్టరుగారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ముసలమ్మలు మాత్రం ప్రసంగం గురించి ఇళ్ళల్లో వాదించుకోవడం మొదలుపెట్టారు. వినేవాళ్ళకి ఏది మంచిదో నాకు తెలుసన్న పొగరు నాకు ఆ రోజునే వచ్చింది, ఇంక దిగలేదు.

తర్వాత రెండేళ్ళు పెళ్ళి ఊరేగింపుల డీజే బండ్ల మీద పనిచేశాను. రాయపూర్ డీజే బండి పక్క సందులోంచి పోతేనే వంటింట్లో గిన్నెలు కదులుతాయి. నేను దాని మీదే, బాక్సులకి బారెడు దూరంలో నిలబడేదాన్ని. చెవుల్లో దూది పెట్టుకోమని అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. దూది పెట్టుకుంటే పని ఎలా వినబడుతుందని ఎదురు మాట్లాడేదాన్ని. ఆ మొండితనానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

బ్యాండుతో తిరగడం మొదలుపెట్టాక బిలాస్‌పూర్, భిలాయి, నాగ్‌పూర్, జబల్‌పూర్, ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాన్లో పోయేవాళ్ళం. ఐదారేళ్ళు బాగా నడిచింది. ఆ తర్వాత సింగర్ గొంతు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పాట బాగుంది గానీ ఆ అమ్మాయి గొంతు మరీ కీచుగా ఉందని ఒక చోట, పైకి పాడితే చెవులు పీకుతున్నాయని ఇంకోచోట. స్టేజీ మీద వాళ్ళకి వినిపించే బాక్సులు వేరు, జనానికి వినిపించేవి వేరు. అందుకని బ్యాండులో ఎవరికీ ఆ తేడా తెలియదు. జనం ఫోన్లలో తీసిన వీడియోలు కీచుమంటుంటే ఫోన్లు అంతేలే అనుకున్నాం.

ఆ పిల్ల భయపడిపోయింది. అల్లం రసం తాగింది, చల్లనివి మానేసింది, గొంతు డాక్టరుకి చూపించుకుంది. డాక్టరు ఏమీ లేదన్నాడు. అప్పుడు నన్నడిగింది. బయట కూర్చుని వినేదాన్ని నేనే కదా. నీ గొంతు కొంచెం అరిగింది, రెస్టు తీసుకో, పాటల శ్రుతి కిందికి దించుకుని పాడు అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. దించింది. అయినా ఫిర్యాదులు ఆగలేదు. ఆ సీజన్ అయిపోయాక పాడటం మానేసి బీఎడ్‌లో చేరతానని గిటారిస్టుతో అందట. ఆమె లేకపోతే మాకు బ్యాండు లేదు. నాకు కోపం వచ్చింది, ఆమె మీదే.

అభన్‌పూర్‌లో ఒక స్కూలు మైదానంలో పగటిపూట ప్రోగ్రాం. అక్కడ అమ్మ పాత స్నేహితురాలు ఒక నర్సు ఉంటే, ఆమెని చూడటానికి మాతో పాటు వ్యాన్లో అమ్మ కూడా వచ్చింది. మా బ్యాండు వినడం అమ్మకి అదే మొదటిసారి. నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండో పాటకి రెండు చెవుల మీదా అరచేతులు పెట్టుకుంది. రాక్ సంగీతం అంటే ఆవిడకి పడదులే అని నేను పట్టించుకోలేదు. మూడో పాటలో లేచి, వంగి నా చెవిలో అంది:

"ఆ పిల్లది తేనెలాంటి గొంతే. నువ్వే దాన్ని సూదిలా చేసి పంపిస్తున్నావ్. నీకు వినపడట్లేదేంటే?"

అమ్మ వేలు పెట్టి చూపించింది. ముందు వరసలో పిల్లలు, టీచర్లు, అందరూ చేతులు చెవుల దగ్గర పెట్టుకుని ఉన్నారు. ఎన్ని ఊళ్ళలో అలా పెట్టుకున్నారో నాకు తెలియదు. నేను మిక్సర్ వైపు తప్ప జనం వైపు చూసేదాన్నే కాదు.

మర్నాడే అమ్మ నన్ను చెవి పరీక్షకి లాక్కెళ్ళింది. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, ఈల వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత చాలాసేపు నిశ్శబ్దంగా ఉంటే యంత్రం ఆపేశారేమో అనుకున్నాను. గాజు అవతల అమ్మ ముఖం చూశాక తెలిసింది, ఈలలు వస్తూనే ఉన్నాయని. కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వెళ్ళి అక్కణ్ణుంచి కిందికి జారిపోయింది. సన్నటి శబ్దాలు రెండు చెవులకీ పోయాయి, తిరిగి రావు అన్నాడు డాక్టరు.

నేను రోజూ కిరాణా జాబితా చదివి పరీక్షించింది పోయిన చెవులతోనే. స మెత్తగా అనిపిస్తే, సన్నటి శబ్దాల్ని పైకి తెచ్చే ట్రెబుల్ నాబ్ పెంచేదాన్ని. నాకు సరిపోయేదాకా పెంచితే అందరికీ అది భరించలేనిదయ్యేది. ఆ పిల్ల గొంతు ఒక్కరోజు కూడా చెడిపోలేదు.

చెప్పకుండా ఉండొచ్చు. నాబ్ కాస్త తగ్గించేస్తే ఫిర్యాదులు పోతాయి, నా పని నాకుంటుంది, ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే ఉన్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను. కానీ ఆమె మాత్రం తన గొంతు అరిగిపోయిందనే నమ్ముతూ బీఎడ్ ఫారం నింపుతుంది. అది నా వల్ల కాలేదు. ఈ పనీ వదలను, ఈ అబద్ధమూ మొయ్యను అని పంతం పట్టుకుని ఆ కాగితం తీసుకుని భన్‌పురి వెళ్ళాను.

గోడౌన్లో నలుగురి ముందూ చెప్పాను. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గిటారిస్టు కాగితం చూసి, మా ఫ్యాక్టరీలో సగం మందికి ఇలాంటి గీతలే ఉంటాయన్నాడు.

"ఆరు మహీనాల్నుంచి నా గొంతు ఖరాబైపోయిందనుకుంటన్నానక్కా," అంది సింగర్. "డాక్టరు బాగుందన్నా నమ్మనేదు. నువ్వన్నావని నమ్మినాను."

క్షమించమని అడిగాను. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. వెనకాల వెళ్ళబోతే గిటారిస్టు ఆపాడు.

మూడు రోజులకి తనే మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన టీ తాగి, కప్పు కింద పెట్టి నన్నడిగింది.

"పని ఛోడ్ దో అంటే ఒదిలేస్తావేటి?"

"వదలను," అన్నాను.

"ఐతే నా మాట ఇను. నా పాట రికార్డు చేసి పెట్టుకో. ప్రతి ఊర్లో ముందు అది బాక్సుల్లో వెయ్యి. జనం నిలబడే కాడ నేను నిలబడి ఇంటాను. నేను చెప్పిన కాడ నాబ్ ఆగాల. షోలో దాన్ని ముట్టుకోకు."

ఐదారేళ్ళుగా నా మిక్సర్ మీద ఇంకొకరు వేలు పెడితే కొట్టినంత పని చేసేదాన్ని. సరేనన్నాను. ఆ నెలంతా మధ్యాహ్నాలు గోడౌన్లో అదే సాధన. ఆమె పాట బాక్సుల్లో వెయ్యడం, ఆమె తగ్గించు అంటే తగ్గించడం. శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకున్నాను. చెవికి అందనిది కంటితో చదవడం నేర్చుకున్నాను. మొదట్లో ఏడుపు వచ్చేది. నాకు చప్పగా, చచ్చుగా ఉన్న చోట ఆమె ఆపు, ఇదే అనేది.

తర్వాతి షో రాయపూర్‌లోనే, ఒక కాలేజీ మైదానంలో, సాయంత్రం ఎండ ఇంకా ఉండగా. పాటలన్నీ మళ్ళీ పాత శ్రుతికి ఎత్తింది. ఆమె చెప్పిన చోట నాబ్ దగ్గర టేపు ముక్క అంటించి ఉంది. పాట మొదలైంది. నా చెవులకి ఆమె దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. పెంచు పెంచు అని చెయ్యి దానంతటదే నాబ్ దాకా వెళ్ళింది. వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను, ఆ పాటంతా అలాగే.

ఈసారి మిక్సర్ చూడలేదు, జనాన్ని చూశాను. ఎవరి చేతులూ చెవుల దగ్గరికి పోలేదు. ఆరు నెలలుగా వదిలేసిన పై స్వరం దగ్గరికి ఆమె వెళ్ళింది. పెదవులు తెరిచి ఉన్నాయి, ఫోన్లో గీత పైకి లేచి నిలబడింది, నాకు మాత్రం సన్నటి గాలిలా ఏదో వచ్చింది. ముందు వరసలో ఒకామె కళ్ళు మూసుకుంది. పాట అయ్యాక మైదానమంతా లేచి అరిచింది, అది నాకు బాగానే వినిపించింది.

సింగర్ చెమటతో తడిసిపోయి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఎలా పాడానని అడిగింది.

"నాకు సరిగ్గా వినపడలేదు," అన్నాను.

"ఐతే బాగా పాడినట్టే," అంది.