నీలం వెనకబడిన ఫోటో

మట్టెవాడలో కెమెరాను మూడు కాళ్ల మీద నిలబెట్టి దుకాణం తెరిచినవాణ్ణి నేను. హసన్‌పర్తి వీధిబడిలో మూడో తరగతి దాకానే చదివాను. అయినా పద్నాలుగు వందల పెళ్లిళ్లు తీశాను. పదకొండు మందికి పని నేర్పాను. తాలూక్‌దారు సాబ్ బంగ్లాలో గోడకు నా చేతి ఫోటో వేలాడింది. ఇవన్నీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉంటాను. కృపానందం సారు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన గురించి రాయడానికి వేరే ఎవరూ మిగల్లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

సారు మిషన్ బడిలో సైన్సు చెప్పేవాడు. మా గల్లీ చివర రెండర్రల పెంకుటిల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, పెండ్లి చేసుకోలేదు, ఇంట్లో తనూ తల్లి కృపమ్మా. సాయంత్రం నా దుకాణం అరుగు మీద కూర్చుని, గాజు సీసా మూతను ఎండకు పట్టి, నా సున్నపు గోడ మీద ఏడు రంగులు పడేసి మురిసిపోయేవాడు. ముప్పై నాలుగేళ్ల జీవితంలో ఇంతకన్న పెద్ద ముచ్చట ఆయన ఎరగడు.

పంతొమ్మిది వందల నలభై రెండో సంవత్సరం వానలకు నా జర్మనీ లెన్సు చెడిపోయింది. అది రెండు అద్దాలు అతికించిన జోడు లెన్సు. నడుమ బంక కరిగి తెల్లటి పొర కమ్మింది. జర్మనీతో యుద్ధం జరుగుతున్న లడాయి రోజులు, కొత్తది రాదు. కళ్లద్దాలు చేసే యాకయ్యతో మందమైన ఒంటి అద్దం సాన పట్టించి బిగించుకున్నాను. ఓరుగల్లులో పుట్టిన లెన్సు అని బజారంతా చెప్పుకున్నాను. ఎండలో పెళ్లిళ్లు తీసేటప్పుడు లెన్సు ముందు చిన్న బెజ్జం ఉన్న రేకు పెడతాం. ఆ బెజ్జం చాటున అద్దం తప్పులన్నీ దాగుతాయని నాకు తెలియదు. ఫోటోలు బాగా వస్తుంటే నా లెన్సు గొప్పే అనుకున్నాను.

మరుసటి ఎండాకాలానికి సారుకు క్షయ ముదిరింది. దవాఖానలో చూసి, ఇంటికి తీసుకపొమ్మన్నారు. కృపమ్మ నా దగ్గరికి వచ్చింది.

"కొడుకా, నా పిల్లగానిది ఒక్క ఫోటో లేదు. వాళ్ల నాయిన మొఖం ఎట్లుండెనో నేనే మరిచిపోయిన. వీడు గూడ పోయినంక నేనేం చూసుకోవాలె?"

నా దగ్గర ఫోటో పడే గాజు ప్లేటు ఒక్కటే మిగిలింది. సికింద్రాబాదులో కూడా దొరకడం లేదు.

"ఫికర్ చెయ్యకవ్వా. ఒక్కటి చాలు. వెంకట్రాజం చెయ్యి ఎన్నడన్న తప్పిందా?" అన్నాను.

సారును గోడకు ఆనించి మంచం మీద కూర్చోబెట్టారు. తల్లి తల దువ్వి, కోటు గుండీలు పెట్టింది. బయటికి తెస్తే దగ్గు ఆగదు, లోపలేమో చీకటి. నేను రేకు తీసేసి, నల్లగుడ్డ కప్పుకొని కెమెరా వెనకనుండే గరుకు అద్దంలో బొమ్మ చూస్తున్నాను. ఇరుగుపొరుగు గుమ్మంలో గుమిగూడారు.

"అన్నా, రేకు తీసినవా?" అన్నాడు సారు.

"తియ్యకుంటె నువ్వు రెండు నిమిషాలు దగ్గకుండ ఉండాలె. ఉంటవా?"

"ఉండలేను. అయితే ఒక మాట విను. గాలిల అన్ని రంగుల వెలుగు ఒక్క తీరుగనె ఉరుకుతది. గాజుల పడ్డంక ఎరుపు ముందల పోతది, నీలం వెనకబడ్తది. రేగడిల బండి ఒక చక్రం దిగబడితె ఆ దిక్కే మల్లుతది గద? గట్లనె. ఎంత వెనకబడితె అంత వంగుతది. అందుకే నీలం లెన్సుకు దగ్గరనె కూడుకుంటది."

"కూడుకోనీ. నీ కనుబొమ్మల వెంట్రుకలు సుత నాకు కనిపిస్తానయి."

"నీ కన్నుకు పసుపు వెలుగుల కనిపిస్తానయి. ప్లేటు చూసేది నీలాన్ని. ఎర్రదీపం కింద ప్లేట్లు కడుగుతవు, అవి కరాబైతయా? ఎరుపు వాటికి కనబడదు. జోడు లెన్సుల రెండో అద్దం వెనకబడ్డదాన్ని తెచ్చి కలిపేది. నీది ఒంటి అద్దం. నా మాట విని ప్లేటును బియ్యపు గింజంత లెన్సు దిక్కు జరుపు."

గుమ్మంలోంచి పక్కింటి పూలమ్మ అంది: "గియ్యాల వెంకట్రాజమన్న బడిల కూసున్నడే! గోడకుర్చీ గూడ ఏపిస్తరేమో!"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వబోయి దగ్గాడు. నాకు చెవులు వేడెక్కాయి.

"నా కన్ను నాకు అబద్ధం చెప్పది సారూ. బడిల నువ్వు చెప్పు. కెమెరా కాడ నేను చెప్త."

"సరే అన్నా. పని నీది," అని ఆయన ఊపిరి బిగబట్టాడు.

నేను ప్లేటు జరపలేదు.

మర్నాడు ప్లేటు కడిగి, ఫోటో వేసి వెలుగులో పెట్టుకున్నాను. మంచం ముందు మూరెడు దూరంలో పీట మీద మంచినీళ్ల చెంబు ఉంది. దాని సొట్టలు, అంచు మీది గీతలు, ఒక్కొక్కటి లెక్కపెట్టవచ్చు. దాని వెనక సారు ముఖం వానలో తడిసిన సున్నం ముద్దలా ఉంది. ఆయనే కదిలాడేమో అనుకోబోయాను. ఆయన పక్క గోడలోని కిటికీ ఊచలు కూడా మసకగానే ఉన్నాయి. కిటికీ దగ్గదు కదా.

సారు ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నీలం వెలుగు నా మొఖం కాడ కాదు, చెంబు కాడ కుదిరిందన్నా. ప్లేట్లు వస్తె మల్ల తీద్దాం," అన్నాడు. కోపం చేయలేదు. తిట్టినా బాగుండు.

రెండుసార్లు సికింద్రాబాదు పోయి వట్టి చేతులతో వచ్చాను. పంతొమ్మిదో రోజున ఆయన పోయాడు. ప్లేట్లు వచ్చేసరికి మరో రెండు నెలలు పట్టింది.

కృపమ్మ ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ దుకాణంలో ఆగేది. ఫోటోను కొంగుతో తుడిచి నా ముందు పెట్టేది. "పొగ పట్టినట్టుంది. జర సాఫ్ చేసియ్యి కొడుకా," అనేది. నేను ముదురుగా ఒకటి, లేతగా ఒకటి, పెద్దగా ఒకటి వేసి ఇచ్చాను. అన్నిట్లోనూ చెంబే తేటగా వచ్చింది. లడాయి ముగిసింది, మంచి లెన్సు కొన్నాను, దుకాణానికి పేరొచ్చింది. ఆమె ఆగడం మానలేదు.

నలభై ఏడులో ఒక ఆదివారం ఆమె ఏమీ అడగకుండా కూర్చుంది.

"కొడుకా, కండ్లు మూస్తె ఇన్నాళ్లు వాడు కనిపించేటోడు. ఇప్పుడు గీ మసకనే వస్తాంది. మొఖం యాదికి వస్తలేదు. నీకు యాదికున్నదా? ముక్కు ఎట్లుండె?"

ఆ ముఖాన్ని నల్లగుడ్డ కింద వెంట్రుకతో సహా చూసినవాణ్ణి. చెబుదామని నోరు తెరిచాను. నాకూ ఆ ముఖం గుర్తు రాలేదు.