వాగులో నేను కనిపెట్టిన దారి

ఆదివారం పొద్దున వనపర్తి శివారు చేలగట్ల వెంట బండి నడిపి ఇంటికొచ్చేసరికి, సైలెన్సరుకు అంటుకున్న తడి ఎర్రమట్టి ఆ వేడికి పెంకులా ఎండి, కమ్మగానూ కమురుగానూ ఒక వాసన వేస్తుంది. నలభై దాటిన ఆడమనిషి బురద బట్టలతో మోటారు సైకిలు దిగడం మా వీధివాళ్ళకు ఇప్పటికీ వింతే. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మా సొంతూరు గట్టులోని చిన్నాయన మెకానిక్ షాపు గుర్తొస్తుంది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు, పేరు నర్సింహులు. షాపంటే వేపచెట్టు కింద నాలుగు రేకులు, ఇంజన్ ఆయిలు తాగి తాగి నల్లబడిన నేల. పాత బండి ఒకదానికి మడ్‌గార్డులు పీకేసి, వెడల్పాటి హ్యాండిలు బిగించి, రాళ్ళల్లో గుట్టల్లో తిరిగేందుకు తయారుచేసుకున్నాడు. వానాకాలం ఆముదం చేల మధ్య జారే బాటలో, చలికాలం సీతాఫలాలు పగిలి రాలే గుట్టల మీద, ఎండాకాలం ఎండిపోయిన వాగులో నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. పన్నెండో ఏట హ్యాండిలు నా చేతికే ఇచ్చాడు. “గుంతను జూస్తే గుంతలనే పడుతవ్ బిడ్డా. పోవాల్సిన జాగ జూడు” అనేవాడు. మోకాళ్ళు చెక్కుకుపోయి ఇల్లు చేరితే అమ్మ పసుపు అద్దుతూ “ఆడపిల్లకు గియ్యేం ఆటలు?” అని ఆయన్నే తిట్టేది.

ఏటా జాతర ముగిసిన మర్నాడు వాగులో బండ్ల పందెం జరిగేది. మానవపాడు దిక్కునుంచీ, సరిహద్దు అవతలి కన్నడ ఊళ్ళనుంచీ కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు చిన్నాయన గుసగుసగా చెప్పాడు: “ఈయేడు మన బండి నువ్వే నడుపుతవ్. ఎవ్వరికి చెప్పకు.”

వాగు మలుపులో ఇసుక మెత్తన. ఎంతటివాడి చక్రమైనా అక్కడ కూరుకుపోవలసిందే. ఆ వేసవి పదిహేను రోజులు, పొద్దు పొడవకముందే లేచి, ఉత్తకాళ్ళతో ఆ మలుపంతా తిరిగాను. కుడివైపు తుమ్మపొదల చాటున, మూరెడు వెడల్పుతో ఒక బండ కనిపించింది. ఎవరూ అటు చూడరు. రెండో గేరులో వణక్కుండా ఎక్కిస్తే ఇసుకను దాటి అవతల దిగొచ్చు. రెండుసార్లు పడ్డాను, మూడోసారి దాటాను. చిన్నాయనకు తప్ప ఎవరికీ చూపలేదు. ఆయన నా తల నిమిరి “నువ్వు మా అన్న బిడ్డవు కాదు, నా బిడ్డవు” అన్నాడు.

పందెం రోజు అమ్మ బెల్లం పూర్ణంతో చేసిన ఓళిగలు తిని, మా అన్న ప్యాంటు తొడుక్కుని, పెద్దదైన హెల్మెట్‌లో గుడ్డ కుక్కుకుని వెళ్ళాను. “ఎండ మండుతుంది. గా చెలిమెకాడ నీళ్ళు పట్కరాపో జర” అన్నాడు చిన్నాయన. ఇసుకలో తవ్విన ఆ గుంట నుంచి బిందె నింపుకొని తిరిగొచ్చేసరికి ఇంజన్లు రేగుతున్నాయి. మా బండి మీద చిన్నాయన ఉన్నాడు. హెల్మెట్‌లో నేను కుక్కుకున్న గుడ్డ ఇసుకలో పడుంది. ఆయన నా వైపు చూడలేదు.

మలుపులో అందరూ కూరుకుపోతే ఆయన ఒక్కడు కుడివైపు బండ మీదుగా దాటిపోయాడు. జనం భుజాల మీదికెత్తుకున్నారు. ఎవరో అడిగారు: “గా బండ దారి ఎవలు జూపిచ్చిండ్రన్నా?”

“ఎవలు జూపిస్తరు? నేనే ఎతుక్కున్న.”

నేను చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాను.

సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లంతో ఇంటికొచ్చాడు. “నువ్వు పడితే మీ నాయన నన్ను బతకనిస్తడా బిడ్డా?” అన్నాడు.

“నడపనియ్యకుంటే నడపనియ్యకపోతివి. దారి నీదని ఎందుకు జెప్పినవ్?”

పొట్లం అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ ఆ షాపు గడప తొక్కలేదు. కొన్నాళ్ళు మా ఇంటి ముందు హారన్ కొట్టి చూశాడు, తర్వాత మానేశాడు.

బండి మీద ప్రేమ మాత్రం నన్ను వదల్లేదు. టీచరు ఉద్యోగం వచ్చాక సొంత బండి కొన్నాను, పందాలకు వెళ్ళాను, ఒకసారి భుజం విరిగింది, ఒకసారి మూడో స్థానం దక్కింది. కానీ ఎక్కడికి వెళ్ళినా, నేను చూసుకున్న దారిని బండి కదిలేదాకా ఎవరికీ చెప్పను. తోటి టీచరమ్మలు నవ్వుతారు. అది నాకు అలవాటైపోయింది.

ఇప్పుడా వాగులో ఇసుక లేదు. ట్రాక్టర్లు తోడుకుపోయాయి. బండను కంకరకు పగలగొట్టారు. జాతర జరుగుతుంది గాని పందెం లేదు.

పోయిన నెల గద్వాలలో ఒక పెళ్ళిలో తల నెరిసిన చిన్నాయన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు. “పదిహేను దినాలు వట్టికాళ్ళతోని తిరిగి ఎతికిన గా దారి.”

నేను దగ్గరికి వెళ్ళాను. “గట్ల తిరిగింది నేను, చిన్నాయనా” అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. ఆ ముఖంలో అబద్ధం కోసం వెతికాను, కనబడలేదు.

“నువ్వా? నువ్వప్పటికి చిన్నపిల్లవు గద బిడ్డా” అని నవ్వి, పిల్లల వైపు తిరిగి మిగతాది చెప్పసాగాడు.