సొమ్మొకరిది, ఖాతా ఒకరిది

ఆమె కట్టుడుపళ్ళు చేస్తుంది. వీధిలో అందరూ పళ్ళావిడ అంటారు. కొత్తగా దిగినవాళ్ళు సంచి పట్టుకొచ్చి అరడజను ఇమ్మనడమూ కద్దు. పగలంతా ల్యాబులో మైనం కరిగించి ఎవరి దవడకో సరిపడా వరస పేర్చడం, ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని ఊరు కట్టడం. అదొక ఆట. రోడ్లు, మురుగుకాలవలు, నీటి పంపులు అన్నీ ఆడేవాళ్ళే వేసుకోవాలి.

మొదట్లో ఆటలు డిస్కుల్లో కొనేది. నలభై దాటిన ఆడమనిషి ఆట ఆడుతుందంటే ఆ కొట్టువాడికి మింగుడుపడేది కాదు. ప్రతిసారీ "బాబుకా అమ్మా?" అనేవాడు. పిల్లల్లేరని ఒకసారి చెప్పింది. "అయితే మరిదిగారికా?" అన్నాడు. ఆ తెలివితక్కువ మొహంతో వేగలేక ఆన్‌లైన్ స్టోరులో కొనడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరికని అడిగేవాడు లేడు. తగ్గింపు పెట్టినప్పుడు సగం ధరే. డిస్కు మీద గీతలు పడతాయన్న బెంగ లేదు. ఒకసారి కంప్యూటరు కాలిపోతే, కొత్తదాంట్లో ఖాతా తెరవగానే ఊరంతా దీపాలతో సహా తిరిగొచ్చింది. స్టోరువాళ్ళు చల్లగా ఉండాలని ఆ రోజు మనసారా దీవించింది.

ఖాతా తెరిచిపెట్టినవాడు మొగుడు. ఆయనగారికి ఆటలంటే చులకన, తన పేరంటే మహా మోజు. గుమ్మం మీద బోర్డు, కరెంటు మీటరు, ఆఖరికి ఫ్రిజ్ గ్యారంటీ కూడా ఆయన పేరే. "నీకివన్నీ తెలియవులే" అంటూ ఆ ఖాతాకీ తన పేరే తగిలించాడు. డబ్బు మాత్రం ఆమె జీతంలోంచి పోయేది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా!

విడిపోయినప్పుడు మంచం వద్దన్నాడు, బీరువా వద్దన్నాడు. మహా త్యాగి! పాస్‌వర్డు మార్చేసి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి కట్టిన ఊరు వాడి పాలయింది.

ఆమె స్టోరుకి రాసింది. వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీరు కొన్నది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. అది ఖాతాదారుడిది, ఇంకొకరికి మార్చడం కుదరదు.

"మరి బటన్ మీద 'కొనండి' అని రాసి చచ్చారేం అక్కా?" అని ఆ జవాబు తన అక్కకి చూపించి అడిగింది.

"'అద్దెకు తీసుకోండి' అని రాస్తే నువ్వు కొంటావుటే?" అంది అక్క.

"డిస్కయితే నా బీరువాలోనే పడుండేది. ఆ కొట్టువాడి వెకిలి మొహమొక్కటే భరించాల్సొచ్చేది."

నెల తిరిగాక మొగుడి నుంచి ఫోనొచ్చింది. గొంతులో తేనె.

"ఇదిగో, నీ ఊళ్ళో నీళ్ళు రావట్లేదు. జనం ఇళ్ళు ఖాళీ చేసి పోతున్నారు. ఏం నొక్కాలి?"

"ఆ ఆట నీకెందుకు?"

"పొద్దుపోక తెరిచాన్లే. చెబుదూ."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. కొత్త రోడ్డేదో వేసి, కొండవైపు పంపుకెళ్ళే కరెంటు తీగ తెంపేసి ఉంటాడు. ఆమెకది వింటూనే తెలిసిపోయింది. ఒక్క ముక్క చెబితే ఊరు బతుకుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పాస్‌వర్డివ్వు. నేనే బాగుచేస్తాను."

"అదెలా కుదురుతుంది? ఖాతా నా పేరు మీదుంది కదా."

"అయితే నీళ్ళు కూడా నీ పేరు మీదే తెప్పించుకో" అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత వంటింట్లో కూలబడి, నీళ్ళు లేక ఊరొదిలిపోతున్న ఆ లేని మనుషుల కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.